బోనులోంచి బయటికి రాని పిల్లి

ప్రశ్న: నెల రోజులుగా ప్రతి శని, ఆదివారాల్లో ఒక జంతు సంరక్షణ కేంద్రానికి వెళ్లి, అక్కడి పిల్లుల విభాగంలో వాలంటీరుగా పనిచేస్తున్నాను. చిన్నప్పటి నుంచీ పిల్లులంటే ప్రాణం కనుక వాటితో కాలం గడపవచ్చని వెళ్లాను గానీ, నాకు ఎక్కువగా లిట్టర్ ట్రేలు (పిల్లులు మలమూత్రాలకు వాడే ఇసుక పళ్లేలు) కడగడం, గిన్నెలు తోమడం, దుప్పట్లు ఉతకడం వంటి పనులే అప్పగిస్తున్నారు. మూడు వారాల క్రితం వీధి నుంచి పట్టుకొచ్చిన బూడిద రంగు పిల్లి ఒకటి అక్కడ ఉంది. ఎన్నిసార్లు పిలిచినా అది బోనులో వెనక మూల నుంచి కదలదు. పోయిన వారం జాలేసి నిమరబోతే ముంజేతి మీద రక్తం వచ్చేలా గీరింది. సీనియర్లు మాత్రం దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి, పట్టుకొచ్చిన చోటే వదిలేస్తామంటున్నారు. ఆశ్రయం ఇవ్వవలసిన వాళ్లే ఇలా చేయడం అన్యాయం కాదా? దాన్ని నేనే ఇంటికి తెచ్చుకుందామనుకుంటున్నాను. మా ఇంట్లో ఇప్పటికే ఆరేళ్ల పిల్లి ఉంది. అసలు నేను అక్కడికి వెళ్లడం వల్ల ఆ పిల్లులకు ఏమైనా మేలు జరుగుతోందా, లేక మానేయడమే మంచిదా?

సమాధానం: మీ ప్రశ్నలన్నిటికంటే ముందు, మీరు మాటవరసకు చెప్పి వదిలేసిన ఒక విషయం గురించి మాట్లాడాలి. టీకాలు వేశారో లేదో తెలియని వీధి పిల్లి రక్తం వచ్చేలా గీరినప్పుడు, గాయం ఎంత చిన్నదైనా సరే, వెంటనే దాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాల పాటు కడిగి, ఆ రోజే వైద్యుణ్ని కలవాలి. మీరు అలా కలిసి ఉండకపోతే, వారం గడిచిపోయింది కదా అని ఊరుకోకుండా ఈ రోజే వెళ్లండి. రేబీస్ లక్షణాలు బయటపడిన తరువాత దాదాపు ఎవరూ బతకరు. లక్షణాలు రాకముందే చికిత్స తీసుకుంటే దాన్ని అడ్డుకోవచ్చు. కరిచిన లేదా గీరిన పిల్లిని 10 రోజుల పాటు కనిపెట్టి చూసే పద్ధతి ఉంది కనుక కేంద్రం వాళ్లకు కూడా ఈ సంగతి చెప్పి, వాళ్ల పుస్తకంలో రాయించండి. అయితే ఆ 10 రోజులు గడిచాక చూద్దాంలే అని మీ చికిత్సను వాయిదా వేయకండి. వీధి జంతువులతో క్రమంగా పనిచేసేవారు ముందుజాగ్రత్తగా రేబీస్ టీకా వేయించుకోవడం మంచిదని వైద్యులు చెబుతారు. దాని గురించీ అడగండి. ఇకముందు ఎప్పుడైనా పిల్లి కరిస్తే మరింత త్వరపడాలి. దాని కోరలు సూదుల్లా సన్నగా ఉండి లోతుగా దిగుతాయి, పైన కనిపించే రంధ్రం త్వరగా మూసుకుపోతుంది, నోటిలోని పాశ్చురెల్లా వంటి బ్యాక్టీరియా లోపలే చిక్కుకుపోయి ఒక్క రోజులోనే చేయి వాచిపోవచ్చు.

ఇక ఆ బూడిద రంగు పిల్లి సంగతి. అది మీ మీద కోపంతో గీరలేదు, మీ ప్రేమను కాదనీ గీరలేదు. పిల్లి వేటాడే జంతువే అయినా, తనకంటే పెద్ద జంతువులకు తానే ఎర అయ్యేంత చిన్న జీవి కూడా. అందువల్ల ప్రమాదం ఎదురైనప్పుడు ముందు పారిపోవాలని చూస్తుంది, వీలు కాకపోతే దాక్కుంటుంది, ఆ రెండు దారులూ మూసుకుపోయినప్పుడే పంజా విసురుతుంది. బోనులో పారిపోయే దారి ఎటూ లేదు. దానికి మిగిలిన ఒకే ఒక్క దాపు ఆ వెనక మూల. మీరు చేయి చాచింది సరిగ్గా ఆ మూలలోకే. మీ మనసులో జాలి ఉందని తెలుసుకునే మార్గం దానికి లేదు. తనకన్నా ఎన్నో రెట్లు పెద్దదైన ప్రాణి తన చివరి చోటులోకి కూడా వచ్చేసిందని మాత్రమే దానికి అర్థమైంది. కాబట్టి మీరు మొదట మానుకోవలసినవి పిలవడం, చేయి చాచడం, కళ్లలోకి సూటిగా చూడటం. మెడ మీది చర్మం పట్టి బయటికి తీయమని ఎవరైనా సలహా ఇస్తే దాన్నీ పాటించకండి. మార్జాల కిశోర న్యాయం అంటూ, తల్లి పిల్లి కూనను నోట కరచుకుపోవడాన్ని మనం శరణాగతికి ఉపమానంగా చెప్పుకుంటాం. అది కూనల వయసుకే చెల్లుతుంది. ఎదిగిన పిల్లిని అలా పట్టి ఎత్తినప్పుడు అది కదలకుండా ఉంటే, శాంతించిందని కాదు, భయంతో బిగుసుకుపోయిందని అనుకోవాలి.

చేయవలసినది ఏమిటంటే, మొట్టమొదట దానికి ఒక అట్టపెట్టె ఇప్పించండి. ఒక పక్క తెరిచి ఉన్న, అది ముడుచుకుని పడుకునేంత పెట్టె చాలు. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 2014లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కొత్తగా కేంద్రానికి వచ్చిన పిల్లుల్లో కొన్నిటికి ఇలాంటి పెట్టె ఇచ్చి, మిగిలినవాటికి ఇవ్వకుండా చూశారు. పెట్టె ఉన్నవి తొలి రోజుల్లోనే తక్కువ ఆందోళనతో, త్వరగా కుదురుకున్నాయి. దాక్కునే చోటు ఇస్తే పిల్లి ఇక ఎప్పటికీ బయటికి రాదేమోనని కొత్తవాళ్లు భయపడతారు గానీ, వెనక్కి వెళ్లడానికి చోటు ఉందన్న ధీమా ఉన్న పిల్లే ముందుకు అడుగు వేస్తుంది. పెట్టె పెట్టడానికి వీలు లేకపోతే బోను ముందు భాగాన్ని సగం వరకు తువ్వాలుతో కప్పినా కొంత మేలే.

ఆ తరువాత మీరు బోనుకు ఎదురుగా కాకుండా కాస్త పక్కకు తిరిగి, నేల మీద లేదా తక్కువ ఎత్తు పీట మీద కూర్చోండి. కూర్చుని మీ పుస్తకం ఏదైనా మెల్లని గొంతుతో పైకి చదువుకోండి. అది వినడం కోసం కాదు. మీ గొంతు వినిపించినప్పుడల్లా తనకు ఏ కీడూ జరగలేదన్న అనుభవం దానిలో పేరుకోవడం కోసం. మధ్యలో ఎప్పుడైనా అది మీ వైపు చూస్తే, మీరు కళ్లు సగం మూసి, నెమ్మదిగా రెప్పలు వేసి, చూపు పక్కకు తిప్పుకోండి. కళ్లు మూసుకుని పాలు తాగే పిల్లిని మన భాష దొంగతనానికి గుర్తుగా పెట్టుకుంది గానీ, పిల్లుల మధ్య సగం మూసిన కళ్లు నెమ్మదికి, నమ్మకానికి గుర్తు. బ్రిటన్‌లోని ససెక్స్, పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు 2020లో ప్రచురించిన అధ్యయనంలో, మనిషి ఇలా నెమ్మదిగా రెప్పలు వేసినప్పుడు పిల్లులు కూడా బదులుగా రెప్పలు వేయడమే కాక, అలా చేసిన కొత్త మనిషి చాచిన చేతి దగ్గరకు రావడానికి ఎక్కువగా మొగ్గు చూపాయి. పాలతో మచ్చిక చేసుకుందామని మాత్రం ప్రయత్నించకండి. ఎదిగిన చాలా పిల్లులకు పాలలోని లాక్టోజ్ అనే చక్కెర అరగక విరేచనాలు అవుతాయి. అది ఇష్టంగా తినేదేదో కేంద్రం వాళ్లను అడిగి, వాళ్ల అనుమతితో, చెంచాడు మాత్రం బోను ముందు భాగంలో పెట్టి లేచి వెళ్లిపోండి. ఇక్కడ లేచి వెళ్లిపోవడమే ముఖ్యం. మీరు అక్కడే నిలబడి తింటుందా లేదా అని చూస్తూ ఉంటే, ఆ తిండి కూడా దానికి ఒక ఒత్తిడిగా మారుతుంది.

ఇదంతా చేసినా మరో మూడు వారాల దాకా అది మీ దగ్గరకు రాకపోవచ్చు. అందువల్లనే మీ పని ఫలించిందా లేదా అన్నది అది మీ ఒడిలోకి వచ్చిందా లేదా అన్న ఒక్క గుర్తుతో తేల్చవద్దని కోరుతున్నాను. సంరక్షణ కేంద్రాల్లోని పిల్లుల ఆందోళనను అంచనా వేయడానికి కెస్లర్, టర్నర్ అనే పరిశోధకులు 1997లో ఏడు మెట్ల కొలమానం ఒకటి ప్రచురించారు. దానిలో పిల్లి మనిషి దగ్గరకు వచ్చిందా అన్నదాని కంటే, అది పొట్టను నేలకు ఎలా ఆనించింది, కాళ్లు ఎలా పెట్టింది, తోక ఒంటికి అంటుకుని ఉందా, చెవులు ఎటు తిరిగాయి, కనుపాపలు ఎంత విచ్చుకున్నాయి, ఊపిరి ఎలా తీస్తోంది వంటివాటికే ఎక్కువ చోటు ఉంది. మీరూ అలాగే చూడండి. పోయిన వారం నాలుగు కాళ్లూ ఒంటి కిందికి ముడుచుకుని, ఎప్పుడు లేవవలసి వస్తుందోనన్నట్టు బిగుసుకుని ఉన్న పిల్లి, ఈ వారం పక్కకు ఒరిగి పడుకుంటే అది పెద్ద మార్పు. మాసిపోయిన ఒళ్లు నాకి శుభ్రం చేసుకోవడం మొదలుపెట్టడం, మీరు గదిలో ఉండగానే తినడం, మీరు వెళ్లేసరికి దుప్పటి మీద ముందు వైపున బొచ్చు అంటుకుని ఉండటం, ఇవన్నీ అది కుదురుకుంటోందనడానికి ఆనవాళ్లు. గురగుర శబ్దం చేసినంత మాత్రాన సంతోషంగా ఉందని మాత్రం అనుకోకూడదు, ఎందుకంటే నొప్పిలోనూ భయంలోనూ కూడా పిల్లులు ఆ శబ్దం చేస్తాయి.

ఈ ఆనవాళ్లలో సగం మీకు ఎక్కడ దొరుకుతాయో తెలుసా? మీరు విసుగుతో కడుగుతున్న ఆ ట్రేలలోనే, ఆ గిన్నెలలోనే. పిల్లి జబ్బును దాచుకునే జంతువు. అడవిలో బలహీనత బయటపెట్టుకున్న ప్రాణి మీద ముందుగా దెబ్బ పడుతుంది కనుక, అది నొప్పితో ఉన్నా చివరి వరకూ మామూలుగానే కనిపిస్తుంది. అయితే లిట్టర్ ట్రే దేన్నీ దాచదు. మూత్రంతో తడిసి ముద్దకట్టిన ఇసుక ఉండలు ఎన్ని ఉన్నాయి, ఎంత పెద్దగా ఉన్నాయి, మలం గట్టిగా ఉందా పలచగా ఉందా, రక్తపు చార ఏదైనా ఉందా అన్నది మీరు చూడకుండా పారబోస్తే మరెవరికీ తెలియదు. ముఖ్యంగా గండుపిల్లి పదే పదే ట్రేలోకి వెళ్లి కూర్చుంటున్నా ట్రే పొడిగానే ఉంటే, దానికి మూత్రనాళం మూసుకుపోయి ఉండవచ్చు. అది గంటలు లెక్కపెట్టుకోవలసిన అత్యవసర పరిస్థితి. గిన్నె కూడా అలాంటిదే. రెండు మూడు రోజులు ఏమీ తినని పిల్లికి ఒంట్లోని కొవ్వు కాలేయంలో పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది, లావుగా ఉన్న పిల్లులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. కొత్త పిల్లి భయంతో తినడం లేదా, జబ్బుతో తినడం లేదా అన్నది తేల్చవలసింది పశువైద్యుడే అయినా, తినడం లేదన్న మాట ఆయన చెవిన వేయవలసింది గిన్నె తీసే మనిషే.

శుభ్రతకు మరో కోణం కూడా ఉంది. దాని విలువ నేను చాలా ఆలస్యంగా నేర్చుకున్నాను కనుక మీకు చెప్పాలి. నేను వాలంటీరుగా చేరిన కొత్తలో ఒకరోజు, కొత్తగా వచ్చిన పిల్లులను విడిగా ఉంచే గదిలో పని ముగించుకుని, బట్టలు మార్చుకోకుండానే కూనల గదిలోకి వెళ్లాను. వారం తిరగకముందే ఆ గదిలోని కూనల్లో నాలుగు పాన్‌ల్యూకోపీనియా అనే, పిల్లులకు వైరస్ వల్ల వచ్చే అంటువ్యాధితో చనిపోయాయి. ఆ వైరస్‌ను మోసుకెళ్లింది నా చేతులో, నా చెప్పులో, మరొకరివో ఎవరూ తేల్చలేకపోయారు. నేను మాత్రం ఆ రోజును మరిచిపోలేదు. పార్వో వైరస్ వర్గానికి చెందిన ఆ క్రిమి గదిలో, దుప్పట్లలో, నేల పగుళ్లలో ఏడాది వరకు బతికి ఉండగలదు; చేతులకు రాసుకునే ఆల్కహాల్ ద్రవానికి అది లొంగదు. ముందు సబ్బుతో మురికిని పూర్తిగా వదలగొట్టి, ఆ తరువాత 1 వంతు బ్లీచ్‌కు 32 వంతుల నీళ్లు కలిపి, ఆ ద్రావణాన్ని 10 నిమిషాలు తడిగా ఉంచి, మళ్లీ మంచినీళ్లతో కడిగి ఆరబెడితేనే అది నశిస్తుంది. మురికి ఉండగానే బ్లీచ్ పోస్తే ఆ మురికే వైరస్‌ను కాపాడుతుంది. నీళ్లలో పోయగానే తెల్లగా మారే ఫినాయిల్ రకపు మందులు పిల్లుల ఒంటికి విషం కనుక వాటి గదుల్లో వాడకూడదు. మీ కేంద్రంలో వాడుతుంటే ఈ మాట తప్పకుండా చెప్పండి. ఆరోగ్యంగా ఉన్న కూనలతో మొదలుపెట్టి, తరువాత పెద్ద పిల్లులు, ఆ తరువాత కొత్తగా వచ్చినవి, చివరికి జబ్బుపడినవి, ఈ వరుసలోనే పని చేయాలి. వెనక్కి తిరిగి వెళ్లకూడదు. కొత్తవాళ్లకు ట్రేలు, గిన్నెలే ముందుగా అప్పగించడానికి ఇదొక కారణం. ఈ క్రమశిక్షణ అలవాటైన మనిషినే ఏ బోను తలుపైనా తెరవడానికి నమ్మగలరు.

ఇప్పుడు మీ మనసును ఎక్కువగా బాధిస్తున్న ప్రశ్నకు వస్తాను. పిల్లి మనుషులను తన లోకంలో భాగంగా అంగీకరించే వయసు చాలా చిన్నది. పుట్టిన రెండో వారం నుంచి ఏడో వారం వరకు ఉండే ఆ కొద్ది కాలంలో మనిషి చేతులు, గొంతు, వాసన అలవాటైన కూన పెద్దయ్యాక మనిషిని చూసి ప్రాణభయం పడదు. ఆ వారాలు మనిషి స్పర్శ లేకుండా గడిచిపోయిన పిల్లి, పెద్దదయ్యాక మనిషిని దాదాపు అడవి జంతువు చూసినట్టే చూస్తుంది. అలాగని వీధిలో కూన కనిపించిన ప్రతిసారీ ఎత్తుకురావడం కూడా తప్పే. పిల్లి ఏడిళ్లు తిప్పినట్టు అని ఊరికే అనలేదు. తల్లి కూనలను ఒక్కొక్కటిగా చోటు మారుస్తూ ఉండగా మధ్యలో ఒంటరిగా కనిపించినదాన్ని మనం అనాథ అనుకుని తెచ్చేస్తాము. వెచ్చగా, పొట్ట నిండుగా, నిశ్శబ్దంగా ఉన్న కూనను దూరం నుంచి కొన్ని గంటలు గమనించి, తల్లి రాలేదని రూఢి అయ్యాకే ముట్టుకోవాలి. ఈ సంగతి తెలియని వాళ్లు కేంద్రానికి ఫోన్ చేసినప్పుడు ఓపికగా వివరించగల వాలంటీరు ఉంటే చాలా కూనలు తల్లి దగ్గరే పెరుగుతాయి.

మీ బూడిద రంగు పిల్లి నిజంగా మనిషికి అలవాటు పడనిదా, లేక ఒకప్పుడు ఎవరింట్లోనో పెరిగి, తప్పిపోయి లేదా వదిలివేయబడి భయపడిపోయినదా అన్నదే ఇక్కడ తేలవలసిన విషయం. తొలి రోజుల్లో ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఇంట్లో పెరిగిన పిల్లి అయితే రోజులు గడిచేకొద్దీ ఏదో ఒక చోట బయటపడుతుంది: తిండి పొట్లం చించిన చప్పుడుకు తల తిప్పుతుంది, మనిషి లేని వేళల్లో బోను ముందుకు వచ్చి పడుకుంటుంది, ఒకనాడు మిమ్మల్ని చూసి మ్యావ్ అంటుంది. ఎదిగిన పిల్లులు తమలో తాము ఆ కూత చాలా అరుదుగా కూస్తాయి. అది ఎక్కువగా మనుషులను పిలవడానికి వాడే కూత కనుక, మీ కోసం మ్యావ్ అన్న పిల్లిని వీధికి తిరిగి పంపే ముందు మరోసారి ఆలోచించమని సీనియర్లను అడిగే హక్కు మీకు ఉంది. మీరు వారానికి రెండు రోజులు దాని దగ్గర నిశ్శబ్దంగా కూర్చుని చూసినవన్నీ తేదీ వేసి రాసి ఇస్తే, ఆ నిర్ణయానికి మీ రాత పనికివస్తుంది. రోజంతా పరుగులు తీసే సిబ్బందికి ఒక్క పిల్లి ముందు అరగంట కూర్చునే తీరిక ఉండదు.

ఒకవేళ అది మనిషికి అలవాటు పడని పిల్లే అని తేలితే, వాళ్లు చెప్పిన దారిలో అన్యాయం లేదని నా నమ్మకం. ఆడ పిల్లి నాలుగు నెలల వయసుకే గర్భం దాల్చగలదు, దాదాపు తొమ్మిది వారాల్లో ఈనుతుంది, కూనలకు పాలిస్తూ ఉండగానే మళ్లీ ఎదకు రాగలదు. ఆపరేషన్ చేసి, రేబీస్ టీకా వేసి, మత్తులో ఉండగానే గుర్తుగా ఒక చెవి కొస కొద్దిగా కత్తిరించి, అది పుట్టి పెరిగిన చోటికే పంపడం వల్ల ఆ పిల్లికి పదే పదే ఈనే బాధ, పోట్లాటల గాయాలు తగ్గుతాయి. చెవి చూసి మళ్లీ ఎవరూ దాన్ని ఆపరేషన్ కోసం పట్టుకోరు. తిండి ఎక్కడ దొరుకుతుందో, కుక్క తరిమితే ఏ గోడ ఎక్కాలో దానికి తెలిసిన చోటు అదొక్కటే. మనిషిని చూసిన ప్రతిసారీ గుండె అదిరే పిల్లిని జీవితాంతం మనుషుల మధ్య బోనులో ఉంచడం మనకు ఆశ్రయంలా కనిపించినా, దానికి అది చెరే. మీరు పట్టుబట్టి అడగవలసినవి వేరే ఉన్నాయి: అక్కడ దానికి రోజూ తిండి, నీళ్లు పెట్టే మనిషి ఎవరైనా ఉన్నారా, ఆ చోటు ఇప్పటికీ క్షేమమేనా, కుట్లు మానేదాకా దాన్ని ఉంచుతారా. వీటికి సరైన జవాబు లేకపోతే అప్పుడు మీ అభ్యంతరం న్యాయమైనది.

దాన్ని ఇంటికి తెచ్చుకోవాలన్న ఆలోచనను మాత్రం ఇప్పటికి పక్కన పెట్టండి. మీరు రాసిన తీరు చూస్తే ఆ కోరికలో దాని మీద ప్రేమ ఎంత ఉందో, దాన్ని వీధికి పంపుతున్నారన్న బాధ కూడా అంతే ఉంది. అలాంటి బాధతో తెచ్చుకున్న పిల్లి మంచం కింద నెలల తరబడి దాక్కుంటే, మీరూ అదీ కూడా నలిగిపోతారు. మీ ఆరేళ్ల పిల్లి పరిస్థితి మరింత కష్టమవుతుంది; ఏళ్ల తరబడి ఇల్లంతా తనదే అనుకున్న జంతువు ఇంకొక పిల్లి వాసననే మొదట సహించదు. ముందుముందు అది ఇంటి పిల్లే అని తేలి, అప్పటికీ మీకు ఆ కోరిక నిలిచి ఉంటే, పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే ఎఫ్‌ఐవీ, ఫెలైన్ ల్యుకీమియా అనే రెండు వైరస్‌లకు కొత్తదానికి పరీక్షలు చేయించి, మీ పిల్లికి టీకాలు సకాలంలో పూర్తిచేసి, కొత్తదాన్ని కొన్ని వారాలు వేరే గదిలో ఉంచి, ముందు దుప్పట్లు మార్చి వాసనలు అలవాటు చేసి, ఆ తరువాతే ఒకదానికొకటి కనిపించనివ్వండి. ఈ రెండు వైరస్‌లలో మొదటిది ఎక్కువగా లోతైన కాట్ల వల్ల అంటుకుంటుంది, రెండోది ఒకే గిన్నెలో తిన్నా, ఒకదాన్నొకటి నాకినా లాలాజలం ద్వారా వ్యాపిస్తుంది కనుక పరీక్ష చేయించకుండా కలపడం తగదు.

మానేయవద్దు. ఈ శనివారం వెళ్లినప్పుడు అట్టపెట్టె ఒకటి, చిన్న నోటు పుస్తకం ఒకటి తీసుకువెళ్లండి. మీ పనులు పూర్తయ్యాక అరగంట ఆ బోను పక్కన కూర్చోవడానికి అనుమతి అడగండి. వీలైనంత వరకు ప్రతిసారీ అదే వేళకు, అదే చోట కూర్చోండి, ఎందుకంటే ఏ గంటకు ఏం జరుగుతుందో ముందుగా తెలిసి ఉండటమే బోనులోని పిల్లికి దొరికే కొద్దిపాటి నెమ్మది. కేంద్రంలోకి మాత్రమే వాడే బట్టలు, చెప్పులు ఒక జత విడిగా పెట్టుకోండి. ఇంటికి రాగానే ఆ చెప్పులను గడప బయటే వదిలి, బట్టలను వేడినీళ్లలో వేసి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కున్న తరువాతే మీ పిల్లిని ఎత్తుకోండి.